లీటరుకు ఇరవై ఆరు

"శ్రీరాములు పెట్రోలు దొంగ."

ఆ మాట అన్నది మోహన్. అన్న చోటు అంబాజీపేట కొబ్బరి మార్కెట్. సమయం ఉదయం తొమ్మిదిన్నర. లారీలు లోడవుతున్నాయి. రైతులు, దళారులు, కాయలు లెక్కపెట్టేవాళ్లు, అందరూ కలిపి రెండొందల మందికి తక్కువ ఉండరు.

కాయలు విసురుతున్న చేతులు ఆగిపోయాయి.

శ్రీరాములు కారు అద్దం తుడుస్తున్న గుడ్డని మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. మస్కట్‌లో పద్నాలుగేళ్లు స్టీరింగు పట్టాడు. తిరిగొచ్చాక ఆరేళ్లుగా కొబ్బరి వ్యాపారి హరిబాబు దగ్గర డ్రైవరు. ఈ ఆరేళ్లలో బండి మీద గీత పడలేదు, అతని మీద మాట పడలేదు.

"ఏమన్నారండీ?" అన్నాడు.

"సరిగ్గానే విన్నావు." మోహన్ చేతిలోని రంగు కాగితాన్ని ఆడించాడు. అతను హరిబాబుకి బావమరిది. అమలాపురంలో ఒక కార్ల షోరూంలో సేల్స్ మేనేజరు. మూడు నెలల కిందట బావగారికి ఈ ఏడు సీట్ల కారు అంటగట్టింది అతనే. సగటు మైలేజీ చూపించే తెర కూడా లేని చవక మోడలు. "కంపెనీ వాళ్లు అచ్చేసి మరీ ఇచ్చేరు. లీటరుకి ఇరవై ఆరు కిలోమీటర్లు. నువ్వు చూపిస్తున్నది పదహారున్నర. మిగతా తొమ్మిదిన్నర కిలోమీటర్ల పెట్రోలు ఏ సీసాలోకి పోతోందో నువ్వే చెప్పు."

"సీసాలోకి పోవట్లేదండి. ఇంజనే తాగుతోంది."

"రాజోలులో సురేంద్ర కూడా ఇదే చెప్పేడు. ఇదే కారు, ఇదే కబురు. పోయిన నెల్లో పీకేసేరు. మీ డ్రైవర్లందరూ ఒకే బళ్లో చదువుకున్నారు కామోసు!"

కాయల గుట్ట వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

శ్రీరాములు యజమాని వైపు చూశాడు. హరిబాబు ఆ కాగితం వైపు చూస్తున్నాడు. మంచివాడే. కానీ అచ్చులో పడిన అంకెకు ఎదురు చెప్పే ధైర్యం అతనికి లేదు.

"నేను నిన్నేమీ అనట్లేదు శ్రీరాములూ. కానీ ఇక్కడ రాసుంది కదా. సాయంత్రం తాళాలు ఇంట్లో ఇచ్చేసి వెళ్లు."

అంతే. ఆరేళ్ల ఉద్యోగం ఒక్క వాక్యంలో అయిపోయింది.

ఉద్యోగం పోతే పోయింది. ఇంకోటి దొరుకుతుంది. కానీ దొంగ అన్న మాట మెడలో వేసుకుని ఈ మార్కెట్ గేటు దాటితే, ఆ మాట అతని కన్నా ముందు రావులపాలెం చేరుతుంది. ఆ తర్వాత కోనసీమలో ఏ యజమానీ అతని చేతికి తాళం ఇవ్వడు. సురేంద్రకి జరిగింది అదే. పన్నెండేళ్ల అనుభవం ఉన్న డ్రైవరు ఇప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోస్తున్నాడు.

శ్రీరాములు వంగి గుట్టలోంచి ఒక కాయ తీశాడు.

"బాబుగారూ, ఇందాక ఆ పుల్లేటికుర్రు రైతు ఏం చెప్పేడండీ?"

హరిబాబు కళ్లెత్తాడు. "వెయ్యి కాయలకి నూట యాభై కిలోల కొబ్బరి దిగుతుందన్నాడు. అయితే?"

"నమ్మేరా?"

"నమ్మడమేంటి! పది కాయలు కొట్టి చూసేను. నూట ఇరవై కూడా దిగదు."

"పాతికేళ్లుగా చూస్తున్న రైతు నోటి మాటే మీరు కాయ కొట్టకుండా నమ్మరు. మరి మొహం కూడా తెలియని కంపెనీ వాడి మాట, ఒక్క కాయ కొట్టకుండా ఎలా నమ్మేసేరండీ?"

ఈసారి నవ్వు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. పుల్లేటికుర్రు రైతు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

హరిబాబు మొహం ఎర్రబడింది. కాయ చూడకుండా బేరం చేశాడన్న మాట అంబాజీపేటలో ఏ వ్యాపారీ పడలేడు.

"ఎలా కొట్టమంటావు ఈ కాయని?"

"ఎల్లుండి మీ అమ్మగారి మొక్కులో ఏడో శనివారం కదండీ. ఆరు శనివారాలు వాడపల్లి గుడికి నేనే తీసుకెళ్లేను. అదే దారి, అదే బరువు. స్టీరింగు నాకొద్దు, మోహన్ గారినే నడపమనండి. నేను వెనక సీట్లో చేతులు కట్టుకు కూర్చుంటాను. పొద్దున్న ట్యాంకు నింపి మీ చేత్తో మీరే సీలు వెయ్యండి. సాయంత్రం అదే బంకులో మళ్లీ నింపుదాం. ఎంత పడితే అంత తాగినట్టు."

"ఇరవై ఆరు వస్తే?" అన్నాడు మోహన్.

"దొంగనని నేనే అరుస్తానండి. ఇక్కడే నిలబడి."

"రాకపోతే?" అన్నాడు హరిబాబు.

"అన్న మాట ఇక్కడే వెనక్కి తీసుకోవాలండి. ఇంతమంది ముందే."

"సరే," అన్నాడు మోహన్, క్షణం కూడా ఆలోచించకుండా. కార్లు అమ్మే మనిషి. ట్యాంకుల గురించి బావగారికి తెలియనివి అతనికి చాలా తెలుసు.

* * *

శనివారం ఉదయం ఆరు. ఊరి చివర పెట్రోలు బంకు.

పంపు దగ్గర రాహేలు డ్యూటీలో ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ బంకులో పనిచేస్తోంది. ఏ బండికి ఎంత పడుతుందో రంగు చూసి చెప్పగలదు. నాజిల్ పెట్టింది. కాసేపటికి ట్యాంకు నిండినట్టు టక్కున శబ్దం చేసి నాజిల్ తనంతట తానే ఆగిపోయింది.

"ఆపకమ్మా!" అన్నాడు మోహన్. "అది నురగ తగిలి ఆగుతుంది. లోపల ఇంకా ఖాళీ ఉంది. గొంతు దాకా పొయ్యి. తర్వాత డ్రైవరుగారు ఖాళీ ఉండిపోయిందనకూడదు."

తనే కారును భుజంతో కుదిపాడు. నురగ దిగింది. రాహేలు మళ్లీ పోసింది. మళ్లీ కుదిపాడు, మళ్లీ పోసింది. చివరికి పెట్రోలు ట్యాంకు మూతి అంచు దాకా వచ్చి తళతళలాడింది.

"చూసేరా బావగారూ? చుక్క ఖాళీ లేదు."

హరిబాబు మెచ్చుకోలుగా తల ఊపాడు. శ్రీరాములు మనసులో లెక్క వేసుకున్నాడు. గొంతు దాకా పోయడం తప్పు కాదు. అసలైన కొలత అదే. సాయంత్రం కూడా గొంతు దాకా పోస్తేనే. పొద్దున్న గొంతు దాకా పోసి, సాయంత్రం మొదటి టక్కు దగ్గరే ఆపేస్తే? రెండు లీటర్లకు పైగా తాగిన పెట్రోలు తాగనట్టే లెక్క.

అలా చేస్తే రుజువు ఏమిటి? చీకటి గొట్టంలో పెట్రోలు ఎక్కడి దాకా ఉందో ఎవరికి కనపడుతుంది?

ఆ జవాబు సత్యనారాయణమ్మ తెచ్చింది.

హరిబాబు తల్లి. డెబ్బై నాలుగేళ్లు. పూజ బుట్టతో కారు దిగి, "ఏడో శనివారం బండికి బొట్టు పెట్టకుండా కదలనివ్వను," అంది.

"బానెట్‌కి పెట్టండి అత్తయ్యగారూ," అన్నాడు మోహన్.

"బానెట్ ఏం పాపం చేసింది? పంచాయితీ ఎక్కడుందో అక్కడే పెడతాను." తిన్నగా ట్యాంకు దగ్గరికి వచ్చి, కుంకుమ అద్దిన వేలిని మూతి లోపలి అంచుకు నొక్కింది. వెంటనే లాగేసుకుంది. "అబ్బ, కంపు! వేలంతా తడిసిపోయింది." తుడుచుకోవడానికి అటూ ఇటూ చూసి, మోహన్ చేతిలోని కాగితం లాక్కుని దానికి రాసేసింది. ఇరవై ఆరు అన్న అంకె మీద ఎర్రటి తడి మరక పడింది.

"అయ్యో, అత్తయ్యగారూ!"

"కంపెనీ వాడికి కూడా బొట్టు పెట్టేనులే. పద."

శ్రీరాములు ఆ మరక వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. తర్వాత వెనక సీట్లో కూర్చుని నిజంగానే చేతులు కట్టుకున్నాడు.

హరిబాబు మూత బిగించి, దాని మీద అడ్డంగా టేపు అంటించి, టేపు మీద సంతకం పెట్టాడు. ట్రిప్ మీటరు సున్నా చేశారు. పి.గన్నవరంలో సత్యనారాయణమ్మ చెల్లెలినీ ఎక్కించుకుని బయల్దేరారు. ఆరు వారాలూ అదే పద్ధతి.

మోహన్ అద్దాలు బిగించాడు. ఏసీ కట్టేశాడు. యాభై దాటకుండా, బ్రేకు తొక్కకుండా, మూలవిరాట్టును మోస్తున్నంత జాగ్రత్తగా నడిపాడు. పావుగంట గడిచింది.

"ఒరేయ్ మోహనూ," అంది సత్యనారాయణమ్మ. "నన్ను కురిడీ కాయలా ఎండబెడుతున్నావేంట్రా?"

"కొంచెం ఓర్చుకోండి. ఏసీ వేస్తే మైలేజీ..."

"మైలేజీ నీకు, చెమట నాకూనా? వెయ్యి ఏసీ."

వేశాడు. పలివెల దగ్గర వరసగా స్పీడు బ్రేకర్లు. కొత్తపేట ముందు రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంది. మిగతా సగంలో గడ్డి ట్రాక్టరు. దాని వెనక రెండో గేరులో మూడు కిలోమీటర్లు. రావులపాలెం సెంటర్లో బస్సులు. కాలవ గట్టు రోడ్డెక్కాక అసలు కథ మొదలైంది. శనివారం జనం. గోవింద నామాలు, కాలినడకన వచ్చేవాళ్లు, ఆటోలు, పోలీసు తాళ్లు. నలభై నిమిషాల పాటు కారు నత్తతో పోటీ పడింది. ఏసీ ఆగలేదు. మోహన్ నుదుటి మీద ఏసీలో కూడా చెమట పట్టింది.

వెనక్కి వాలి కళ్లు మూసుకున్న శ్రీరాములుకి ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. మోహన్ గేరు మార్చాల్సిన చోట మార్చడం లేదు. ఆగాల్సిన చోట ముందుగా కాలు తీయడం లేదు. ఆ తాగుడు చెవికే తెలుస్తోంది.

వాడపల్లిలో మోహన్, "మీరంతా వెళ్లండి, బండి దగ్గర నేనుంటాను," అన్నాడు.

"అక్కర్లేదు," అంది సత్యనారాయణమ్మ. "గొడవ పడ్డ ఇద్దరూ నా వెంట ప్రదక్షిణకి రండి. బండికి హరి కాపలా."

ఏడు ప్రదక్షిణలు. ఆవిడకి ఒక పక్క దొంగ అన్నవాడు, ఇంకో పక్క అనిపించుకున్నవాడు.

* * *

మధ్యాహ్నం మూడు. అదే బంకు, అదే పంపు, అదే చోటు.

అప్పటికే కబురు పాకింది. మార్కెట్ నుంచి ముప్పై మంది వచ్చి నిలబడ్డారు. పుల్లేటికుర్రు రైతు అందరికన్నా ముందున్నాడు.

ట్రిప్ మీటరు ఎనభై నాలుగు చూపించింది. హరిబాబు టేపు పరీక్షించాడు. సంతకం చెదరలేదు. తనే చింపి మూత తీశాడు.

రాహేలు నాజిల్ పెట్టింది. మోహన్ ఆమె భుజం పక్కనే నిలబడ్డాడు. ఒకటి. రెండు. మూడు. టక్.

"చాలు, చాలు!" మోహన్ నాజిల్ లాగేశాడు. మూత బిగించేశాడు. ఫోను తీసి లెక్క కట్టాడు. "మూడు పాయింట్ మూడు లీటర్లు! ఎనభై నాలుగు కిలోమీటర్లు! లీటరుకి ఇరవై అయిదున్నర! అత్తయ్యగారు ఏసీ వేయించకపోతే ఇరవై ఏడు వచ్చుండును!"

జనంలో గుసగుస లేచింది. ముప్పై మొహాలు శ్రీరాములు వైపు తిరిగాయి. పొద్దుటి దాకా అతని పక్షం ఉన్న మొహాలే. ఇప్పుడు కావు.

హరిబాబు అతని ఎదుటికి వచ్చాడు. "ఇంకేం చెబుతావు శ్రీరాములూ?"

"నేను చెప్పడానికేం లేదండి." శ్రీరాములు సత్యనారాయణమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారూ, ఏడు వారాలూ పూర్తయ్యేయి. పొద్దున్న ఎక్కడ బొట్టు పెట్టేరో, ఇప్పుడూ అక్కడే పెట్టండి."

మోహన్ ట్యాంకుకి అడ్డంగా జరిగాడు. "మళ్లీ ఎందుకు? మూత పెట్టేసేనుగా!"

"పెట్టినవాడివి తియ్యలేవా?" అంది సత్యనారాయణమ్మ. "జరుగు."

మూత తీశారు. ఆవిడ కుంకుమ వేలిని మూతి లోపలి అంచుకు నొక్కింది. ఆగింది. వేలిని ఇంకొంచెం లోపలికి పెట్టింది. బయటికి తీసి ఎండలో చూసుకుంది.

పొడిగా ఉంది.

"హరీ, ఇలా రా. పొద్దున్న ముంచినట్టు తడిసిందిరా. ఆ కాగితం ఏదీ?"

కాగితం డాష్‌బోర్డు మీదే ఉంది. ఇరవై ఆరు మీద కుంకుమ పెట్రోలులో కరిగి పాకిన మరక. ఆవిడ ఇప్పటి వేలిని దాని పక్కన రాసింది. పొడి కుంకుమ రాలి కింద పడింది.

హరిబాబు తల్లి వేలి వైపు చూశాడు. మోహన్ వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ కారుకి ఆనించి గట్టిగా కుదిపాడు.

లోపల గలగలమంది.

పాతికేళ్లుగా కాయని చెవి దగ్గర ఊపి చూస్తున్న మనిషి. అతనికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"నిండు కాయ మోగదు," అన్నాడు మెల్లగా. "రాహేలమ్మా, పొద్దున్న ఎలా పోసేవో అలాగే పొయ్యి."

"బావగారూ, టక్కు తర్వాత పోస్తే బండికి మంచిది కాదు. కంపెనీ రూలు..."

"పొద్దున్న ఆ రూలు ఏ ఊరెళ్లింది?"

జనం గొల్లుమన్నారు. రాహేలు నాజిల్ పెట్టింది. ఈసారి కుదపడానికి మనుషులు తక్కువ కాలేదు. పుల్లేటికుర్రు రైతు డిక్కీ వైపు పట్టుకున్నాడు. పంపు అంకెలు ఆగిన చోటి నుంచే కదిలాయి. మూడు పాయింట్ తొమ్మిది. అందరూ బిగ్గరగా చదవడం మొదలుపెట్టారు. నాలుగు పాయింట్ నాలుగు. కుదుపు. నాలుగు పాయింట్ తొమ్మిది. కుదుపు. అయిదు పాయింట్ రెండు. అయిదు పాయింట్ ఆరు దగ్గర పెట్రోలు మూతి అంచుకు వచ్చి తళుక్కుమంది.

సత్యనారాయణమ్మ వేలు పెట్టింది. పైకెత్తి అందరికీ చూపించింది. చివర చుక్క వేలాడుతోంది.

"ఎనభై నాలుగుని అయిదు పాయింట్ ఆరుతో భాగించండి," అన్నాడు శ్రీరాములు.

"పదిహేను!" మోహన్ ఫోను కన్నా ముందు పుల్లేటికుర్రు రైతు అరిచాడు.

"పదిహేనా?" హరిబాబు ఆశ్చర్యపోయాడు. "మరి నువ్వు పదహారున్నర చూపించేవు కదయ్యా!"

"ఆయ్. నేను నడిపితే పదహారున్నరేనండి."

"నిజమేనండీ," అంది రాహేలు. "ప్రతి శనివారం ఆయనకి గొంతు దాకా పోసేది నేనే. అయిదు లీటర్లు, మహా అయితే ఇంకో చుక్క. ఇంత ఎప్పుడూ పట్టలేదు."

ఆ లెక్క అందరి బుర్రలకూ ఒకేసారి ఎక్కింది. దొంగ అనిపించుకున్నవాడు వారం వారం అర లీటరు మిగిల్చాడు.

"అయితే మోహనూ," సత్యనారాయణమ్మ తీరిగ్గా అడిగింది. "సీలు హరిది. స్టీరింగు నీది. శ్రీరాములు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మరి ఇవాళ పెట్రోలు ఎవడు తాగేడ్రా?"

బంకు షెడ్డు రేకులు ఎగిరిపోయేటంత నవ్వులు. మోహన్ తల దించుకున్నాడు. "టార్గెట్లు అత్తయ్యగారూ. ఇరవై ఆరు అని చెప్పకపోతే ఎవరూ కొనరు. కొన్నాక ఓనర్లు వచ్చి నిలదీస్తే ఏదో ఒకటి చెప్పాలి..."

"డ్రైవర్ని చూపించేవు," అన్నాడు హరిబాబు.

శ్రీరాములు కాగితం అందుకున్నాడు. "ఇది అబద్ధం కాదండి బాబుగారూ. బండిని గదిలో రోలర్ల మీద పెట్టి నడిపి తీసిన లెక్క. అక్కడ పలివెల స్పీడు బ్రేకర్లుండవు, గడ్డి ట్రాక్టరుండదు, అమ్మగారుండరు."

"నేనుండకపోతే నీ గతేమయ్యేదిరా ఇవాళ?" అంది సత్యనారాయణమ్మ.

"అదే చెప్పబోతున్నానండి," అన్నాడు శ్రీరాములు, మూడు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ. "పీచుతో సహా తూచిన కాయ ఇది. మనం పీచు తీసి తూచేం. అంతే తేడా."

* * *

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. కొబ్బరి మార్కెట్.

హరిబాబు చెయ్యెత్తగానే కాయలు విసిరే చేతులు ఆగాయి. మోహన్ గుట్ట ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"శ్రీరాములు గారు దొంగ కాదు. నేనన్నది తప్పు."

"వెనకాల వాళ్లకి వినపళ్లేదు!" లారీ మీంచి కేక.

మోహన్ మళ్లీ చెప్పాడు. ఈసారి కాలవ లాకుల దాకా వినపడేలా చెప్పాడు. చప్పట్లు మోగాయి.

హరిబాబు తాళాలు ఇవ్వబోయాడు. "తీసుకో. ఇంకెప్పుడూ కాయ కొట్టకుండా మాట అనను."

శ్రీరాములు తాళాలు అందుకోలేదు.

"ఒక్క ఫోను చెయ్యాలండి ముందు. రాజోలు దొరబాబు గారికి. సురేంద్ర ఓనరు."

హరిబాబుకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ఫోను తీసి స్పీకరు పెట్టాడు. శనివారం జరిగిందంతా రెండు నిమిషాల్లో చెప్పాడు. అవతల దొరబాబు మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

"మాకూ మోహనే అమ్మేడండీ ఆ బండి," అన్నాడు.

"మోహన్ ఇక్కడే ఉన్నాడు. మాట్లాడతాడు." హరిబాబు ఫోను మోహన్ నోటి ముందు పెట్టాడు.

"దొరబాబు గారూ... సురేంద్ర తప్పేమీ లేదండి. ఆ బండి మన రోడ్ల మీద ఇచ్చేది అంతే."

"అయితే నేను పాపం చేసేనన్నమాట," అన్నాడు దొరబాబు. "సరేనండి. కానీ నేనూ కాయ కొట్టి చూస్తాను. సురేంద్రని పక్కన కూర్చోబెట్టుకునే చూస్తాను."

అప్పుడు తీసుకున్నాడు శ్రీరాములు తాళాలు.

బుధవారం మధ్యాహ్నం. అతను మార్కెట్ ముందు చెట్టు నీడన కారు తుడుస్తున్నాడు. రోడ్డు మీద పెద్ద హారను. అదే మోడలు కారు, తెల్లది, దుమ్ము కొట్టుకుని వచ్చి ఆగింది. స్టీరింగు మీద సురేంద్ర. చేతులకి మేత బస్తాల గీతలు ఇంకా మానలేదు. పక్క సీట్లో దొరబాబు.

సురేంద్ర తల బయటికి పెట్టాడు. శ్రీరాములుకి రెండు చేతులూ జోడించాడు. దొరబాబు అరిచాడు.

"పదహారండీ, శ్రీరాములు గారూ! గొంతు దాకా పోసి చూసేం, కచ్చితంగా పదహారు!"

"ఏసీ వేసేరా?" అని అడిగాడు శ్రీరాములు.

"వెయ్యలేదండి."

శ్రీరాములు గుడ్డ దులిపి భుజాన వేసుకుని, సురేంద్ర వైపు వేలు చూపించాడు.

"ఏసీ వేసి పదహారున్నర. నాది. ముందు దిగి టీ తాగు, గేర్లు ఎక్కడ మారుస్తున్నావో తర్వాత చూద్దాం."